సీలు తీయాలా, అలాగే ఉంచాలా? పెదనాన్న కొట్టులో దొరికిన పాత రేజర్లు

పెదనాన్న_కొట్టు
పర్లాకిమిడిలో మా పెదనాన్నకి ఫ్యాన్సీ కొట్టు ఉండేది. ఆయన పోయాక మూతపడింది. మొన్న ఇంటికి మరమ్మతులు చేయిస్తూ అటక ఖాళీ చేస్తే, ఒక రేకుపెట్టె నిండా అమ్ముడుపోని సరుకు బయటపడింది. పైన దువ్వెనలు, రిబ్బన్లు, చేతి అద్దాలు. అడుగున గడ్డం సామాను. జిల్లెట్ కంపెనీ టెక్ రేజర్ సెట్లు నాలుగు, ఇంగ్లండ్‌లో చేసినవి, పైన సెల్లోఫేన్ కాగితం ఇంకా చుట్టే ఉంది. రోల్స్ రేజర్ ఒకటి, అట్టపెట్టెకి అడ్డంగా కాగితం పట్టీ అంటించి ఉంది. మంగలి కత్తులు రెండు, పొడుగాటి అట్టపెట్టెల్లో, మూత కలిసే చోట లేబులు అంటించి ఉంది.

మా అన్నయ్య ఒక్కటి కూడా ముట్టుకోనివ్వడం లేదు. సీలు పోతే అంతా పోయినట్టే అంటాడు. నాకేమో కనీసం ఒక టెక్‌తో గడ్డం గీసుకోవాలని ఉంది. పెదనాన్న ఇవి జనం వాడుకోవాలనే తెచ్చారు కదా. పాత రేజర్లు పోగుచేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీరైతే ఏం చేస్తారు?

బరంపురం_సేకర్త
మీ అన్నయ్య మాట వినండి. విప్పిన టెక్ కావాలంటే పాత సామాన్ల దుకాణంలో దొరుకుతుంది, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఫ్యాక్టరీలో చుట్టిన కాగితంతో సహా టెక్ ఎంతమంది దగ్గరుంది? సీలు ఒక్కసారే తీయగలం. ఆ తర్వాత ఎంత బాధపడినా తిరిగి రాదు. తీయకపోతే రేపైనా తీయొచ్చు, ఎల్లుండైనా తీయొచ్చు.

రోజూ_గీత
నేను రాయగడలో ఉంటాను. రోజూ టెక్‌తోనే గీసుకుంటాను. మూడే ముక్కలు: పైన మూత, కింద పళ్లెం, పిడి. తిప్పి బిగిస్తే బ్లేడు కాస్త వంగి బిగుసుకుంటుంది. చర్మం మీద అంత మెత్తగా పోయే రేజర్ ఇప్పటి కొత్తవాటిలో కూడా తక్కువే. వాడాక కడిగి, తుడిచి, గాలికి పెడితే మనవళ్ల కాలం దాకా ఉంటుంది. అలాంటి వస్తువు ఒక్క గడ్డం కూడా గీయకుండా పెట్టెలో ఉండిపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. విప్పేయ్ తమ్ముడూ.

బరంపురం_సేకర్త
@రోజూ_గీత, మీకు రేజర్ కావాలి. నాకు ఆ కాలపు ఆనవాలు కావాలి. లోపల కరపత్రం ఎలా మడిచారు, బ్లేడ్ల పొట్లం ఏ గూట్లో పెట్టారు, కాగితం చివర్లు ఎలా మడిచి అంటించారు, ఇవన్నీ సీలున్న పెట్టెలోనే భద్రంగా ఉంటాయి. జిల్లెట్ కంపెనీ అమ్మకాలు మొదలుపెట్టిన 1903లో ఆ ఏడాదంతా అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. వాటిలో ఒకటి సీలుతో మిగిలి ఉంటే మనకి ఎన్ని సంగతులు తెలిసేవో ఆలోచించండి.

రోజూ_గీత
ఆ 51లో ఒకటి దొరికితే నేనూ చెయ్యి వేయను, ఒట్టు. కానీ టెక్ అలా కాదు కదా. 1938లో మొదలుపెట్టి దశాబ్దాల తరబడి లక్షల్లో పోసి చేసిన సరుకు. అన్నిటికీ ఒకే న్యాయం ఎలా?

కొత్తగా_చేరా
టెక్ మీద తయారీ సంవత్సరం ఉంటుందా? విప్పితే తెలుస్తుందా?

సిరొంచ_శీను
@కొత్తగా_చేరా, అమెరికాలో చేసిన జిల్లెట్‌లకి 1951 నుంచి ఒక ఇంగ్లిషు అక్షరం, ఒక అంకె కొట్టేవారు. అక్షరం సంవత్సరం, అంకె ఆ ఏడాదిలో ఎన్నో మూడు నెలలు. ఎ అంటే 1955, ఇ అంటే 1959. తల కింద వైపు చూస్తే కనిపిస్తుంది, అందుకే సీలులో ఉంటే చూడలేం. ఇంగ్లండ్ టెక్‌కి మాత్రం ఆ లెక్క మీద ఆశ పెట్టుకోవద్దు. పెట్టె మీది అచ్చు, పేటెంట్ నంబర్లు, ధర, ఇవే దారి.

జయపురం_మాస్టారు
టెక్ సంగతి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు. అందరూ ఆ రెండు మంగలి కత్తుల్ని వదిలేశారు. బాబూ, వాటి పిడి దేనితో చేశారు? పెట్టె మీద బొమ్మ ఉందా? పెట్టె ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదైనా వాసన వస్తోందా? ముందు ఇది చెప్పండి.

పెదనాన్న_కొట్టు
ఒకటి జర్మనీలోని సోలింగెన్‌లో చేసింది. లేబులు మీద తేనె రంగు పిడి బొమ్మ ఉంది. ఇంకోటి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌ది, నల్ల పిడి. వాసన అన్నారు కదా, సోలింగెన్ పెట్టె దగ్గర కర్పూరం వాసన వస్తోంది మాస్టారూ. పూజ సామాను ఏదైనా పక్కనే పెట్టారేమో అనుకున్నాం. దానితోపాటు ముక్కుకి ఘాటుగా ఇంకేదో వాసన కూడా.

జయపురం_మాస్టారు
అది పూజ సామాను కాదు. సెల్యులాయిడ్. ఆ పెట్టె ఇవాళే విప్పండి, రేపటిదాకా ఆగొద్దు.

ఎందుకో చెబుతాను. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. సెల్యులాయిడ్ అంటే నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేసిన పాతకాలపు ప్లాస్టిక్. ఆ రోజుల్లో తాబేటి చిప్పలాంటి పిడికీ, దంతంలాంటి పిడికీ దాన్నే వాడేవారు. ఏళ్లు గడిచేకొద్దీ కర్పూరం ఎగిరిపోతుంది, మిగిలిన పదార్థం విడిపోవడం మొదలవుతుంది. అప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్ వాయువులు వస్తాయి. వాటికి గాల్లో తేమ తగిలితే నైట్రిక్ ఆసిడ్. ఆ ఆసిడ్ ఉక్కుని తింటుంది, పిడిని ఇంకా తొందరగా విడగొడుతుంది. తెరిచి ఉంచితే వాయువు బయటికి పోతుంది. మూసి ఉంచితే పెట్టెలోనే తిరుగుతుంది. అంటే ఇక్కడ సీలు కాపాడటం లేదు, పాడుచేస్తోంది.

తేనె రంగు, తాబేటి చిప్ప రంగు లాంటి వెలుతురు దూరే రకాలే ముందు చెడతాయి. దంతం రంగు దాంట్లో జింక్ ఆక్సైడ్ కలుపుతారు కాబట్టి కొంత నిలుస్తుంది.

ఇంకో మాట. తీసిన కత్తిని టెక్ సెట్ల పక్కన పెట్టొద్దు, దాని ఆవిరి వాటి పూతనీ తింటుంది. దీపం దగ్గరా, ఎండలోనా అసలే పెట్టొద్దు. సెల్యులాయిడ్ సులువుగా అంటుకుంటుంది.

బరంపురం_సేకర్త
మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నాను. లేబులుతో సహా ఉన్న సోలింగెన్ కత్తి మళ్ళీ చూస్తామా? కొన్నాళ్లు చూసి నిర్ణయించుకోకూడదా?

జయపురం_మాస్టారు
కొన్నాళ్లు పోతే సీలు మిగులుతుంది, లోపల కత్తి మిగలదు. తుప్పు పొడి ఉన్న పెట్టెకి లేబులు ఎంత బాగుంటే ఏం లాభం? అయినా లేబులు చింపక్కర్లేదు. నాలుగు వైపులా ఫోటోలు తీయండి. పెట్టె అడుగు భాగంలో అట్ట అంటించిన అంచు ఉంటుంది, సన్నటి బ్లేడుతో అక్కడ కోయండి. లేబులు అలాగే ఉంటుంది. ఆవిరి పట్టి మాత్రం ఊడదీయొద్దు, లోపలికి తేమ పోతుంది.

సెలూన్_సత్యం
మాస్టారు చెప్పింది నేను కళ్లారా చూశాను. మాది గుణుపురం, మూడు తరాలుగా ఇదే పని. మా తాత మంగలిపొదిలో ఇలాంటి పిడి కత్తి ఒకటి ఉండేది. పిడిలో మడిచి ఉండే భాగం వరకే తుప్పు తినేసింది, బయటికి కనిపించే వీపు, తోక తళతళలాడుతున్నాయి. నీళ్ల తుప్పయితే అలా గీత గీసినట్టు ఉండదు.

తీశాక కత్తిని పిడిలోంచి బయటికి తెరిచే పెట్టండి. మెత్తటి గుడ్డతో తుడిచి కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్లకి జిగురై పడుతుంది.

గోపాల్‌పూర్_ఉప్పుగాలి
మాది సముద్రం పక్కనే. ఇక్కడ ఇనుప తలుపు గొళ్లేనికి కూడా రెండేళ్లలో తుప్పు వస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా దగ్గరే తీరం దాటింది. మా మావయ్య ఇంటి పైకప్పు కారి, రేజర్లు దాచుకున్న అలమారా తడిసింది. ఆయన దగ్గర విప్పినవీ ఉన్నాయి, సీలు తీయనివీ ఉన్నాయి. విప్పినవాటిని మర్నాడే ఆరబెట్టి తుడిచి పెట్టారు, ఇప్పటికీ బాగున్నాయి. సీలున్నవి పైకి బాగానే కనిపించాయి. తర్వాత చూస్తే కాగితం లోపలివైపు బూజు, నికెల్ మీద పొక్కులు. నీళ్ళు లోపలికి పోగలిగాయి కానీ బయటికి రాలేకపోయాయి. అప్పట్నుంచి మా ఇంట్లో సీలు అన్న మాటకి విలువ లేదు.

బరంపురం_సేకర్త
అది సీలు తప్పు కాదు, అలమారా తప్పు. నేను సీలున్న ప్రతి పెట్టెనీ గట్టి మూత ఉన్న డబ్బాలో పెడతాను. లోపల సిలికా జెల్ గుళికలు వేస్తాను. రంగు మారగానే వేడిచేసి మళ్ళీ వాడతాను. డబ్బాలు గోడకి ఆనించను, నేల మీద పెట్టను. బరంపురం గాలి కూడా సముద్రపు గాలే కదా, నా పెట్టెలు నిక్షేపంగా ఉన్నాయి.

జయపురం_మాస్టారు
సిలికా జెల్ మంచి పనే. ఒక చేర్పు. సెల్లోఫేన్ అంటే పాలిథీన్ కాదు. చెక్క గుజ్జుతో చేసేది. తేమని పూర్తిగా ఆపదు, నెమ్మదిగా పీల్చుకుంటుంది, వదులుతుంది. అందుకే పాతబడ్డాక బిగుసుకుని పెట్టె మూలల్ని వంచేస్తుంది. సీలుంది కాబట్టి లోపల ఫ్యాక్టరీ గాలే ఉందని ఎవరూ అనుకోవద్దు.

సిరొంచ_శీను
సీలు అంటే గుర్తొచ్చింది, అది అసలుదేనా అని కూడా చూడాలి. ఒక అమ్మకందారు దగ్గర సీలున్న జిల్లెట్ సూపర్ స్పీడ్ రేజర్ అని తెప్పించాను. చేతిలోకి రాగానే అనుమానం వచ్చింది. పాత సెల్లోఫేన్‌ని చివర్లలో కవరు మడిచినట్టు మడిచి అంటిస్తారు. ముట్టుకుంటే ఎండుటాకులా గలగలమంటుంది. నాకొచ్చినదానికి పక్కన వేడితో అతికించిన సన్నటి గీత ఉంది, గాలి పోవడానికి సూది బెజ్జాలు కూడా ఉన్నాయి. అది ఇప్పటి ప్లాస్టిక్ చుట్టు. పైగా లోపలి కరపత్రం అంచు మీద అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే నీలంగా మెరిసింది. కాగితానికి తెల్లదనం కోసం కలిపే ఆ రసాయనాలు 1950 ప్రాంతంలో వాడకంలోకి వచ్చాయి. అంతకు ముందుదని చెప్పి అమ్మిన పెట్టెలో కాగితం అలా మెరవకూడదు. వాదించి డబ్బు వెనక్కి తీసుకున్నాను.

కొత్తగా_చేరా
మా ప్రాణహిత ఒడ్డున ఇంత డిటెక్టివ్ ఉన్నాడని తెలీదు శీనన్నా!

రంగం_మనవడు
రోల్స్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? మా తాత బర్మాలో, రంగంలో (రంగూన్) రేవు పని చేసేవారు. గోపాల్‌పూర్ నుంచి ఓడెక్కి వెళ్ళిన మన గంజాం వాళ్ళలో ఆయన ఒకరు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగం మీద బాంబులు వేశాక, అందరిలాగే కాలినడకన అడవులు దాటి వచ్చారు. తెచ్చుకున్న సామానులో మిగిలినవాటిలో రోల్స్ రేజర్ ఒకటి.

చూడనివాళ్ళ కోసం చెబుతాను. పొడుగాటి లోహపు డబ్బా. ఒక మూత లోపల సానరాయి, రెండో మూత లోపల తోలు పట్టీ. మధ్యలో మందంగా కత్తిముక్క. ఒక మూత తీసి పిడి పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగుతుంటే కత్తి తనంతట తానే తిరగబడుతూ నూరుకుంటుంది. బ్లేడు కొనక్కర్లేదు. తెల్లారేసరికి వీధి అరుగు మీద ఆ టకటక శబ్దం వినిపించిందంటే తాత లేచినట్టే. ఆ డబ్బా మీద పూత అరిగి ఇత్తడి బయటపడిన చోటు సరిగ్గా ఆయన బొటనవేలు ఆనే చోటు. సీలున్న రోల్స్‌లో అదెక్కడ కనిపిస్తుంది? వాడండి బాబూ. వస్తువుకి మనిషి చెయ్యి తగలాలి.

రోజూ_గీత
@రంగం_మనవడు, ఈ ఒక్క మాట చాలు నాకు.

బరంపురం_సేకర్త
@రంగం_మనవడు, మీ తాతగారి రోల్స్ లక్ష సీలున్న పెట్టెల కంటే ఎక్కువ. అందులో నాకు రెండో మాట లేదు. కానీ అది మీ తాత వాడింది. రేపు తమ్ముడు విప్పి వాడటం మొదలుపెడితే దానిలో ఆ చరిత్ర రాదు, ఉన్న ఒక చరిత్ర మాత్రం పోతుంది.

సెలూన్_సత్యం
రోల్స్‌ని నేనైతే విప్పుతాను, వాడటానికి కాదు, చూడటానికి. అందులో కత్తి తుప్పు పట్టే ఉక్కు. ఫ్యాక్టరీలో రాసిన నూనె ఈపాటికి ఎండి జిగురై ఉంటుంది. తోలు పట్టీ బిర్రబిగిసి, అడుగు జిగురు వదిలేసి ఉంటుంది. కాగితం పట్టీ ఒక్కటే కదా అడ్డం, అడుగున కోస్తే పైకి తెలీదు.

జయపురం_మాస్టారు
రోల్స్ విషయంలో నాకంత తొందర లేదు. లోపల ఒకదాన్నొకటి తినే పదార్థం ఏదీ లేదు. పొడి చోట ఉంచితే కొన్నేళ్లు ఆగొచ్చు. సత్యం గారితో ఇక్కడ ఏకీభవించలేను.

కొమ్ముపని
పర్లాకిమిడి నుంచే. మా ఇంట్లో కొమ్ము పని చేస్తాం, దువ్వెనలు, కొంగలు, రొయ్యలు, దేవుడి బొమ్మలు. షెఫీల్డ్ కత్తికి నల్ల పిడి అన్నారు కదా. నలుపు రెండు రకాలు ఉంటుంది. ఒకటి గేదె కొమ్ము, ఇంకోటి గట్టి రబ్బరు. బట్టకేసి గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తే రబ్బరు. అది వెలుతురికి గోధుమ రంగు తిరుగుతుంది, వెండి పూత వస్తువుల పక్కన పెడితే అవి నల్లబడతాయి. కొమ్మయితే అంచుని వెలుతురికి పెడితే సన్నటి చారలు కనిపిస్తాయి.

కొమ్మే అయితే పురుగు సంగతి చూసుకోవాలి. ఉన్ని బట్టలు తినే పురుగే కొమ్మునీ తింటుంది. పైన చిన్న చిన్న కాలవలు తవ్వినట్టు ఉంటుంది. అట్టపెట్టె సీలు దానికి అడ్డం కాదు, గుడ్లు ఏ మడతలోనో ఉండిపోతాయి. చీకట్లో కదలకుండా ఉన్న కొమ్మంటే దానికి పండగ. రోజూ చేతిలో మెదిలే వస్తువుని పురుగు పట్టదు.

కొత్తగా_చేరా
దంతం పిడి కత్తులు కూడా ఉంటాయంటారు, కొనొచ్చా?

సిరొంచ_శీను
వద్దు. ఏనుగు దంతం అమ్మడం, కొనడం మన దేశంలో నేరం. ‘దంతం’ అని అమ్మేవాటిలో చాలా మటుకు గీతలు అచ్చు వేసిన సెల్యులాయిడే. నిజం దంతమైతే చట్టంతో చిక్కు, అబద్ధమైతే మాస్టారు చెప్పిన ఆసిడ్‌తో చిక్కు. అలాగే వందేళ్లు దాటిన కళాఖండాల్ని దేశం బయటికి పంపడానికి 1972 చట్టం అడ్డం ఉంది. పాత కత్తుల్ని విదేశీ సేకర్తలకి పోస్టులో పంపేవాళ్ళు ముందు అది కనుక్కోవాలి.

పెదనాన్న_కొట్టు
నిన్న సాయంత్రం రెండు కత్తుల పెట్టెలూ అడుగు కోసి తీశాం. అన్నయ్య పక్కనే కూర్చున్నాడు. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. తేనె రంగు పిడి మీద సాలెగూడులాంటి పగుళ్లు, మేకుల చుట్టూ తడితడిగా ఉంది. కత్తి అంచు నుంచి మధ్యదాకా తుప్పు, సత్యం అన్న చెప్పినట్టు గీత గీసినట్టే ఆగిపోయింది. మూతకి లోపల అంటించిన కాగితం గోధుమరంగు తిరిగి, ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. వీపు మీద కంపెనీ పేరు మాత్రం ఇంకా చదవగలిగేలా ఉంది.

షెఫీల్డ్‌ది కొమ్మే, చారలు కనిపించాయి. తోక దగ్గర పురుగు కొట్టిన కాలవలు రెండున్నాయి, కత్తికి ఏమీ కాలేదు. ఎంత బాగుందంటే మా ముఖాలు కనిపించాయి.

సెలూన్_సత్యం
సోలింగెన్‌ది అంచు పోయినా వెనక్కి నూరితే పలక మిగులుతుంది. మేకులు తీసి పిడిని ముందు వేరు చేయండి. మేకు తలని చిన్న ఆకురాయితో అరగదీసి తోయాలి. సుత్తితో కొడితే పిడి ముక్కలవుతుంది.

కొమ్ముపని
కొత్త పిడి నేను చేసిస్తాను. కొమ్ముని వేడిచేసి సాపు చేస్తే పలక వస్తుంది, పాత పిడి కొలత పెట్టి కోస్తే సరి. మీరు మా వీధికి ఎంత దూరంలో ఉన్నారో!

బరంపురం_సేకర్త
పాత పిడిని పారేయకండి. ఊళ్ళో అందరూ నన్ను మొండివాడంటారు, అన్నా పరవాలేదు. ఫోటోలు, కొలతలు అయ్యాక గాలి ఆడే చోట, వేరే ఇనుము లేని చోట విడిగా పెట్టండి. ఒప్పుకుంటున్నాను, ఈ కత్తి విషయంలో మాస్టారిదే సరి. టెక్ విషయంలో నా మాట మారదు.

రోజూ_గీత
టెక్ నాలుగూ ఒకటే రకమైతే ఒకటి విప్పితే నాలుగింటి సంగతీ తెలుస్తుంది కదా? కంసాలి కొట్లో త్రాసు మీద పెట్టి చూడండి. ఇత్తడి అల్యూమినియం కంటే మూడు రెట్లు బరువు. పిడి వేరైతే బరువులో తెలిసిపోతుంది.

కొత్తగా_చేరా
అయస్కాంతం పెట్టి లోపల బ్లేడు స్టెయిన్‌లెస్సో కాదో చూడొచ్చా?

జయపురం_మాస్టారు
చూడలేం. బ్లేడుకి వాడే స్టెయిన్‌లెస్ ఉక్కు కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. త్రాసు ఆలోచన మాత్రం బాగుంది.

పెదనాన్న_కొట్టు
త్రాసు మీద పెట్టాం. నాలుగూ దాదాపు ఒకటే బరువు. ఇక ఇక్కడి నుంచి మా అన్నయ్య రాస్తానంటున్నాడు.

కొట్టు_పెద్దబ్బాయి
ఆ అన్నయ్యని నేనే. తమ్ముడు రాసినదంతా చదివాను. నేను ధర గురించి పట్టుబడుతున్నానని అందరూ అనుకున్నట్టున్నారు. మాకు వీటిని అమ్మే ఉద్దేశం లేదు.

ప్రతి టెక్ పెట్టె పక్కన సెల్లోఫేన్ మీదే చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద పెదనాన్న చేతిరాతలో ధర, రూపాయలు, అణాలు. కింద కొట్టు రబ్బరు స్టాంపు, ఒడియాలో ఒక వరస, తెలుగులో ఒక వరస, ‘పర్లాకిమిడి, గంజాం జిల్లా’ అని. అప్పటికి గజపతి జిల్లా లేదు కదా. ఆయన రాత మా దగ్గర ఇంకెక్కడా లేదు, కొట్టు లెక్కల పుస్తకాలు చెదలు తినేశాయి. కాగితం చింపితే ఆ రాత చిరుగుతుంది. అందుకే వద్దన్నాను.

బరంపురం_సేకర్త
ఇది ముందే చెప్పాల్సింది బాబూ! నేను ఫ్యాక్టరీ సీలు గురించి ఇంత వాదించాను. ఆ కాగితం ముక్క ముందు ఫ్యాక్టరీ సీలు ఎంత? కొట్టువాడి చేతిరాతతో ఉన్న పెట్టె నేను ఇన్నేళ్లలో చూడలేదు.

జయపురం_మాస్టారు
ఆ రాత ఇంకో సంగతి కూడా చెబుతోంది. మనకి నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. ఆ తర్వాత కొన్నాళ్లు జనం అణాల్లోనే మాట్లాడుకున్నా, ఈ సరుకు దాదాపు అణాల కాలానిదే. స్టెయిన్‌లెస్ బ్లేడ్లు బజారులోకి వచ్చింది 1960ల మొదట్లో, విల్కిన్సన్ వాళ్ళతో. అంటే మీ పెట్టెల్లో ఉన్న బ్లేడ్లు పాత కార్బన్ ఉక్కువే. నూనె కాగితంలో చుట్టి ఉన్నా, ఇన్ని వర్షాకాలాలు తిన్న పెట్టెలో అవి తుప్పు పట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఆ తుప్పు పక్కనున్న రేజర్ పూతకీ, అడుగు గుడ్డకీ అంటుకుంటుంది. రేజర్ కంటే ముందు బ్లేడ్ల పొట్లమే బయటికి రావాలి.

రోజూ_గీత
నేను వాడుకోవడానికి విప్పమన్నాను. ఇప్పుడు మాస్టారు కాపాడుకోవడానికి విప్పమంటున్నారు. ఏదైతేనేం, రేజర్ బయటికొస్తుంది.

కొట్టు_పెద్దబ్బాయి
మాస్టారూ, రాత ఉన్న వైపు ముట్టుకోకుండా కోయగలమా? కాగితం ముట్టుకుంటేనే పగిలేలా ఉంది.

జయపురం_మాస్టారు
కోయగలం. రాతకి ఎదురు వైపు, అడుగున, మడిచి అంటించిన చోట. కాగితాన్ని లాగొద్దు. మడత కింద బ్లేడు పెట్టి జిగురు మీదే జరపాలి. రాత ఉన్న వైపు పెట్టెకి అంటిపెట్టుకునే ఉంటుంది. అయ్యాక సెల్లో టేపు వేయొద్దు, దాని జిగురు పసుపు మరకవుతుంది. ఆసిడ్ లేని కాగితం చుట్టి ఉంచండి.

సెలూన్_సత్యం
సెలూన్లో వాడే సగం బ్లేడు దీనికి సరిగ్గా సరిపోతుంది. పిడికి బిగించి వాడితే చెయ్యి జారదు. రేజర్ బయటికొచ్చాక గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్, అంతే. మరిగే నీళ్ళు, వెనిగర్, టూత్‌పేస్ట్ ఏవీ వద్దు, పూత లేచిపోతుంది. గీసుకునే ముందు స్పిరిట్‌తో తుడిచి కొత్త బ్లేడు వేయండి. పెట్టెలో వచ్చిన బ్లేడు ముఖానికి పెట్టొద్దు, ఎంత మెరిసినా సరే.

బరంపురం_సేకర్త
నాలుగూ ఒకేసారి కోయకండి. ముందు ఒకటి. లోపల బ్లేడ్లు ఎలా ఉన్నాయో ఫోటో పెట్టండి. బాగుంటే మిగతా మూడూ ఉండనివ్వండి. తుప్పుంటే నేనే బరంపురం నుంచి వచ్చి కోసి పెడతాను.

గోపాల్‌పూర్_ఉప్పుగాలి
ఎప్పుడు కోస్తారన్నది కూడా ముఖ్యమే. ఈ వానల్లో తెరిస్తే ఇప్పటి తేమ కూడా లోపలికి చేరుతుంది. సంక్రాంతి దాటాక, గాలి పొడిగా ఉన్న రోజు చూసుకోండి. అప్పటిదాకా సిలికా జెల్ వేసి డబ్బాలో పెట్టండి.

కొట్టు_పెద్దబ్బాయి
అలాగే చేస్తాం. మొదటిది తమ్ముడికే, వాడు గీసుకున్నాక ఫోటో పెడతాడు. రోల్స్ ఎవరూ అడగొద్దు, అది నాది.

రంగం_మనవడు
@కొట్టు_పెద్దబ్బాయి, విప్పే రోజు చెప్పండి. తోలు పట్టీ ఊడి ఉంటే తాత రోల్స్‌కి నేను వేయించిన చోటు చెబుతాను.

కొమ్ముపని
టెక్‌లు సంక్రాంతికి చూసుకోండి. సోలింగెన్ కత్తి మాత్రం ఈ వారమే పట్టుకురండి, పిడికి గేదె కొమ్ము ఎంచి పక్కన పెట్టాను. పాత పిడి కూడా తేవాలి, మేకు బెజ్జాల కొలత దాని మీదే ఉంటుంది. గాలి తగిలేలా గుడ్డ సంచిలో తెండి, ప్లాస్టిక్ కవరులో వద్దు.